ఇసుకలో అమ్మ చిక్కుళ్లు

తిరువూరులో మా సొంత ఇంట్లోకి వచ్చిన రెండో వేసవి. ఒక పొద్దున పెరట్లో చిన్న గుంట తవ్వి అందులో బకెట్టు నీళ్లు పోశాను. బకెట్టు పక్కన పెట్టి తలెత్తేసరికి గుంటలో నీళ్లు లేవు. అడుగున కాస్త తడి ఉంది, అది కూడా నేను చూస్తుండగానే తెల్లబడిపోతోంది. రెండో బకెట్టు పోశాను. అదీ అంతే. మా ఆయనను పిలిచి, ఆయన కళ్లెదుట మూడోది పోశాను. ఆయన వంగి చూసి, కింద ఎలకబొక్క ఉందేమోనన్నారు. రెండు గజాల అవతల ఇంకో గుంట తవ్వి పోశాం. ఎలకబొక్క కాదు, నేలంతా అంతే.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. ఇసుక నేల నీటిని నిలుపుకోదని ఎంతమంది పిల్లల చేత రాయించానో నాకే తెలియదు. రాయనివాళ్లకు మార్కులు కోశాను కూడా. అయినా ఆ సంగతి మన పెరట్లో మన నీళ్లతో జరిగేసరికి నోరు తెరుచుకుని నిలబడిపోయాను. వాగు ఒకప్పుడు ఈ ప్లాట్ల మీదుగానే పారేదట. ఆ మాట చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఇల్లు కట్టి, గృహప్రవేశం భోజనాలు పెట్టాక, పాయసం తింటూ ఒక పెద్దాయన మాకు చెప్పాడు.

పెరట్లో ఏమీ పండకపోతే మార్కెట్టుకు వెళ్లి కొనుక్కుంటాం, అంతకంటే కొంప మునిగేదేమీ లేదు. కానీ నా దగ్గర ఒక సీసా ఉంది. అందులో మా అమ్మ చిక్కుడు గింజలున్నాయి.

మా అమ్మది వినగడప. పెళ్లయిన ఏడాది పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనాన్ని, బతికినన్నాళ్లూ ఏటేటా వేసి, ఏటేటా తీసింది. కాయ పొట్టిగా, వెడల్పుగా ఉండేది. కాయకు రెండు పక్కలా వంగపండు రంగు అంచు, తీగ కూడా అదే రంగు. గింజ బాగా పట్టాక కోసి, ఉల్లికారం పెట్టి వండితే ఇల్లంతా వాసన. అలాంటి కాయ నేను ఇంకెక్కడా చూడలేదు. తిరువూరు మార్కెట్లో చూడలేదు, పెనుగొలను నుంచి వచ్చే గంపల్లో చూడలేదు. అమ్మ పోయాక మా తమ్ముడు పెరడంతా గచ్చు చేయించాడు. బురద తొక్కలేక చస్తున్నామని వాడి బాధ వాడిది. పందిరి రాటలు పీకేసిన రోజు నేను వెళ్లి ఆ సీసా తెచ్చుకున్నాను.

తెచ్చి నాలుగేళ్లు బీరువాలో పెట్టాను. అద్దె ఇంట్లో మట్టి లేదని ఒక ఏడు, సొంత ఇల్లు కడుతున్నాం కదా అని ఇంకో ఏడు, వచ్చిన తర్వాత సర్దుకోవాలని మరో ఏడు. నిజం చెప్పాలంటే భయం. వేస్తే పోతాయేమోనని భయం. సీసాలో ఉంటే ఉన్నట్టే కదా అనుకున్నాను. అప్పుడప్పుడు బీరువా తెరిచినప్పుడు సీసా ఊపేదాన్ని. గలగలమనేది. ఆ చప్పుడు చాలు నాకు.

ఆ వేసవిలో ఒకరోజు ఊపితే గలగల రాలేదు. మూత తీశాను. బూడిద రంగు పిండి, అందులో పురుగులు. చాట తెచ్చుకుని వరండాలో కూర్చుని ఒక్కొక్కటీ ఏరాను. చిల్లు పడనివి ఇరవై రెండు తేలాయి. అమ్మ యాభై ఏళ్ల పెరడు నా అరచేతిలో ఇరవై రెండు గింజలుగా కూర్చుంది. ఈ ఏడు వేసి విత్తనం తీస్తే సరే, లేకపోతే ఈ చిక్కుడు ఇక లోకంలో ఉండదు. ఆ సంగతి నాకు అప్పుడు, చాట ముందు కూర్చున్నాక, తెలిసింది.

అందుకే ఆ గుంట, ఆ బకెట్లు.

అక్కడి నుంచి నాకు ఇసుక పిచ్చి పట్టిందని మా ఆయన అందరికీ చెప్పేవారు. పక్కింటి వైపు గోడ వెంబడి, నీడ లేని చోట, మూడు బారల పొడవున, మోకాలి లోతున కందకం తవ్వించాను. తీసిన ఇసుకలో సగం బయట పోయించాను. ఎ.కొండూరు వైపు ఒక చెరువులో పూడిక తీస్తున్నారని తెలిసి ఒక ట్రాక్టరు చెరువు మన్ను తెప్పించాను. నల్లగా, బంకగా, చేతికి వెన్నలా అంటుకునే మన్ను. మిగిలిన ఇసుకను, మన్నును కలిపి, ఎండిన గడ్డల్ని రోకలితో చితక్కొట్టాను. రైస్ మిల్లు నుంచి ఊక బూడిద వచ్చింది. మామిడి తోటల్లో రాలిన ఆకు నాలుగు గోతాలు వచ్చింది, పైన కప్పడానికి. ఇసుకలో తడి నిలవాలంటే పైన ఆకు కప్పాలి, లోపల కుళ్లిన ఎరువు ఉండాలి.

ఎరువు విషయంలో నాకు చాలా గర్వంగా ఉండేది. ఇంట్లోకి వచ్చిన వారంలోనే పెరటి మూల సిమెంటు ఒరలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టించి, అడుగు గచ్చు చేయించి, పైన రేకు మూత వేయించాను. కుక్కలు రావు, వాన పడదు, సారం కిందకు దిగిపోదు. కూరగాయ తొక్కలు, వడలిన పూలు, పేడ, ఎండుటాకు, ఇల్లు మారినప్పటి వంటింటి పాత సరుకు అంతా అందులోకే. ఏడాదిన్నర మాగిన ఎరువు. తీస్తే నల్లగా, మెత్తగా వచ్చింది. వానపాములు ఒక్కటీ కనబడలేదు, ఒరల్లో వేడికి చచ్చి ఉంటాయనుకున్నాను. సైన్సు టీచర్ని కదా, ప్రతిదానికీ నా దగ్గర ఒక కారణం ఉంటుంది.

కందకంలో ఆ ఎరువు పిసినారితనం లేకుండా పోశాను. పైన నీళ్లు పోస్తే నిలిచాయి. నెమ్మదిగా, మర్యాదగా, ఒక్కో బుడగ వదులుతూ ఇంకాయి. మా ఆయనను పిలిచి చూపించాను. ఈసారి ఎలకబొక్క ఏమైందని అడిగాను.

తొలకరి పడ్డాక గింజల్ని చెంబులో నీళ్లలో వేశాను. మునిగినవి మంచివి, తేలినవి పొల్లు. పదమూడు మునిగాయి, తొమ్మిది తేలాయి. తేలిన తొమ్మిదిటినీ నీళ్లతో సహా గోడవతలికి విసిరేశాను. పక్కింటి వాళ్ల వైపు గోడ వెంబడి ఇంకా ఉత్త ఇసుకే, వాళ్లు ఇల్లు కట్టి మిగిలిన కంకర, చువ్వలు అక్కడే పడి ఉంటాయి. పదమూడింటిలో ఏడు వేసి, ఆరు దాచాను. ముందుజాగ్రత్త అన్నమాట.

ఏడుకు ఆరు మొలిచాయి. చిక్కుడు మొలక నేలను పగలగొట్టుకుని తల వంచుకుని వస్తుంది. ఆ వంగిన మెడ దగ్గర వంగపండు రంగు కనబడగానే నాకు ఏడుపు వచ్చింది. పొద్దునా సాయంత్రం అక్కడే స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. మా ఆయన కాఫీ కూడా అక్కడికే తెచ్చి ఇచ్చేవారు.

పదో రోజుకు ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. పన్నెండో రోజుకు అగ్గిపుల్ల చూపించినట్టు మాడాయి. నీళ్లు చాల్లేదేమోనని ఇంకో చెంబు పోశాను. నేలలో తడి ఉంది, మొక్క మాత్రం దాహంతో చస్తోంది. వారం తిరిగేసరికి ఆరూ పోయాయి. ఆఖరి మొక్కను పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. వేరు నల్లబడి ఉంది. అలాగే పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, ఎండ నెత్తిమీదికి వచ్చాక మా ఆయన వచ్చి లోపలికి తీసుకెళ్లారు.

దోషి దొరకాలి. నాకు ఆ రోజు ఎవరో ఒకరు కావాలి. మొదట చెరువు మన్ను తెచ్చిన ట్రాక్టరు అతనికి ఫోన్ చేసి, ఏ చెరువులోది తెచ్చావని నిలదీశాను. అదే మన్ను ఇంకో ఇంట్లో పోస్తే బెండ విరగకాస్తోందని అతను చెప్పాడు. అప్పుడు నా చూపు గోడవతలికి పోయింది. పక్కింటావిడ నలభై ఏళ్ల మనిషి, అంగన్‌వాడీలో పనిచేస్తుంది, ఆదివారం పొద్దున్నే చర్చికి వెళుతుంది, నన్ను పిన్నిగారూ అని పిలుస్తుంది. మొక్కలు మాడడానికి నాలుగు రోజుల ముందు వాళ్ల వాకిట్లో గడ్డికి కలుపుమందు కొట్టించింది. వాసన నాకూ వచ్చింది.

ఇంకేం, దొరికింది. గోడ దగ్గర నిలబడి పిలిచాను. ఏమన్నానో అంతా రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. నీ గడ్డి కోసం మా అమ్మను చంపావన్నాను. మొక్క విలువ తెలియనివాళ్లకు పెరడు ఎందుకన్నాను. ముప్పై ఏళ్లు ఆరు వరసల బెంచీల వెనకదాకా వినపడేలా మాట్లాడిన గొంతు నాది, వీధి వీధంతా విన్నది. ఆవిడ చేతిలో అంట్ల గిన్నె ఉంది. ముఖం పాలిపోయింది.

"వీధివైపే కొట్టించాను పిన్నిగారూ. మీ గోడ వైపు రానివ్వలేదు" అంది అంతే. లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి మాటల్లేవు. నేను గోడవతలికి చూడటం కూడా మానేశాను. నేను వరండాలోకి వస్తే ఆవిడ లోపలికి వెళ్లేది. మా ఆయన మాత్రం నువ్వు కళ్లతో చూశావా అని ఒకసారి అడిగి, నా ముఖం చూసి ఊరుకున్నారు.

వానలు గట్టిపడ్డాక మిగిలిన ఆరు గింజలూ వేశాను. ఈసారి జాగ్రత్తగా ఉండాలని, వేసే ముందు ప్రతి పాదులోనూ ఇంకో రెండు దోసిళ్ల ఎరువు కలిపాను. గోడ మీద ప్లాస్టిక్ పట్టా కట్టాను, అవతలి నుంచి మందు తుంపర పడకుండా. ఆరింటికి నాలుగు మొలిచాయి. తొమ్మిదో రోజుకే అంచులు మాడాయి.

ఆ పట్టా కింద, మందు చుక్క కూడా పడడానికి వీల్లేని చోట, నాలుగు మొలకలూ వరసగా నల్లబడ్డాయి. ఏడుపు కూడా రాలేదు. సీసాలో గింజ లేదు, నేలలో మొక్క లేదు. యాభై ఏళ్లు ఒక్క ఏడు కూడా తప్పకుండా అమ్మ నిలబెట్టినదాన్ని నేను రెండు నెలల్లో పూర్తి చేశాను.

రైతు సేవా కేంద్రంలో పనిచేసే అమ్మాయి ఒకప్పుడు నా క్లాసులో చదువుకుంది. మా ఆయన వెళ్లి ఆ అమ్మాయిని తీసుకొచ్చారు. చచ్చిన మొక్కను తిప్పి చూసింది. కందకంలోంచి గుప్పెడు మట్టి తీసి, వాన నీళ్లలో కలిపి, కాసేపు తేరనిచ్చి, పెన్నులాంటి చిన్న మీటరు అందులో ముంచింది. అంకె చూసి, మీటరు తుడిచి, మళ్లీ ముంచింది. బోరు నీళ్లలో ముంచింది. చెరువు మన్ను గడ్డ ఒకటి మూలన మిగిలి ఉంటే దాన్ని కలిపి చూసింది. చివరికి ఒరల్లో అడుగున మిగిలిన ఎరువు కలిపి అందులో ముంచింది. అప్పుడు నా వైపు చూసింది.

"ఉప్పు మేడమ్. ఈ ఎరువు నిండా ఉప్పే ఉంది."

ఉప్పు ఎలా వస్తుంది, నేను వేసింది తొక్కలూ ఆకులూ అన్నాను. మీటరు పాడైందేమో చూసుకోమన్నాను. పక్కింటి కలుపుమందు సంగతి చెప్పాను.

"మందు పడితే ఆకు పాలిపోద్ది, మెలి తిరుగుద్ది మేడమ్. ఇది అంచుల్లోంచి మాడింది. తడి ఉండి కూడా దాహంతో పోయింది" అని, కాస్త మొహమాటపడి, "మీరే చెప్పారు కదండీ మాకు, బంగాళదుంప" అంది.

బంగాళదుంప. ప్రతి ఏడూ తొమ్మిదో తరగతికి నేను చేసి చూపించే ప్రయోగం. దుంప మధ్యలో గుంట తొలిచి అందులో ఉప్పు నీళ్లు పోసి, దుంపను మంచినీళ్ల పళ్లెంలో నిలబెడతాం. బయటి నీరు గోడలోంచి లోపలి ఉప్పు వైపుకు వచ్చేస్తుంది. ఉప్పు ఎటు ఉంటే నీరు అటు పోతుంది. వేరు బయట ఉప్పు ఉంటే వేరులోని నీరు బయటికి పోతుంది, మొక్క తడిలో నిలబడి ఎండిపోతుంది. బోర్డు మీద బొమ్మ వేసి, బాణాలు గీసి చెప్పేదాన్ని. ముప్పై ఏళ్లు.

అయినా ఉప్పు ఎక్కడిది? ఆ అమ్మాయి వెళ్లాక మా ఆయన ఒరల పక్కన నిలబడి నెమ్మదిగా అన్నారు, "జాడీలు గుర్తున్నాయా నీకు?"

గుర్తొచ్చింది. గుర్తురాగానే అక్కడే ఆ ఇసుకలో కూలబడ్డాను.

మా ఇళ్లలో ఉప్పు తొక్కకూడదు. చిన్నప్పుడు పొరపాటున ఉప్పు ఒలికితే అమ్మ వచ్చి చీపురుతో కాదు, చేత్తో ఎత్తేది. ఉప్పు తొక్కినవాళ్లు చచ్చాక కనురెప్పలతో ఏరాలే అనేది. పాడైన పచ్చడి కూడా వీధిలో పారబోయకూడదు, నలుగురూ తొక్కుతారు. కాలవలో వేయకూడదు, అంట్ల నీళ్లు కలుస్తాయి. ఎవరి కాలూ పడని మూల చూసి వేయాలి. అలా పెరిగినదాన్ని. ఈ ఇంట్లోకి మారేటప్పుడు అద్దె ఇంటి అటక మీద నుంచి ఐదు జాడీలు దిగాయి. మూడు పాత ఆవకాయలు, చేదెక్కిపోయినవి. ఒకదాంట్లో వానలకు కరిగి గడ్డకట్టిన కల్లుప్పు. ఎక్కడ పారబోయాలా అని ఇల్లంతా చూసి, ఎవరూ తొక్కని చోటు ఇంట్లో ఒక్కటే అని తేల్చి, మూత ఉన్న ఆ ఒరల్లో నేనే, నా చేతులతో, గరిటె పెట్టి గోకి మరీ వేశాను. పైన ఎండుటాకు కప్పాను. అడుగున గచ్చు, పైన రేకు. ఉప్పు ఎక్కడికి పోతుంది? ఏడాదిన్నర అందులోనే కూర్చుంది.

ఐదో జాడీ సంగతి మా ఆయన అనలేదు. నేనే అన్నాను. అది అమ్మ మాగాయ.

అమ్మ ఆఖరి వేసవిలో పెట్టి పంపిన మాగాయ. జాడీ మూతికి వాసెన గుడ్డ కూడా ఆమే కట్టింది, ముడి ఆమెది. పెట్టిన నెలన్నరకే అమ్మ పోయింది. ఆ తర్వాత ఆ ముడి విప్పడానికి నాకు చేతులు రాలేదు. పండక్కి తీద్దామని, తమ్ముడు వచ్చినప్పుడు తీద్దామని, వద్దులే ఉండనీ అని, అటక ఎక్కించాను. ఇల్లు మారేనాటికి గుడ్డ చివికిపోయి, లోపల తెల్లగా బూజు కట్టి, వాసన వచ్చేసింది. ఒక్క ముక్క, ఒక్క ముద్దలో ఒక్క ముక్క కూడా తినలేదు నేను. ఆ రోజు ముక్కు మూసుకుని దాన్ని కూడా అదే ఒరలో బోర్లించాను.

అమ్మ ఉప్పే అమ్మ చిక్కుడును చంపింది. మధ్యలో చేతులు నావి. పక్కింటావిడవి కావు, ట్రాక్టరు వాడివి కావు, ఇసుకవి కూడా కావు. పచ్చడి తిని ఉంటే పారబోయడానికి పచ్చడి ఉండేది కాదు, గింజలు వేసి ఉంటే పిల్లా పాపలతో గింజలు ఉండేవి. రెండూ దాచాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆ అమ్మాయి వెళ్తూ ఒక మాట చెప్పింది. ఇదే నల్లరేగడి అయితే ఉప్పు పట్టుకుని ఏళ్ల తరబడి వదలదు, మీది ఇసుక కాబట్టి బతికిపోయారు, ఎరువు తీసేసి మంచినీళ్లు నిండుగా పెట్టి కిందికి దింపేయండి, నాలుగు తడులకు కడిగినట్టు పోతుంది అని. నేను వేసవి నుంచి తిట్టిపోస్తున్న గుణం అదే. ఇసుక నీళ్లు నిలుపుకోదు, ఉప్పునూ నిలుపుకోదు. కందకంలోంచి ఎరువంతా గంపలతో తీసి ఎవరూ సాగు చేయని బీట్లో పోయించాం. తర్వాత వానలు, వానలు లేని రోజున మునిసిపాలిటీ కుళాయి నీళ్లు. కనురెప్పలతో ఏరాల్సింది బకెట్లతో ఏరాను. ఏడ్చింది మాత్రం కళ్లతోనే.

ఇక మిగిలింది పక్కిల్లు. రెండు రోజులు గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మూడో రోజు సాయంత్రం లోపలికి వెళ్లాను. ఆవిడ పెరట్లో అంట్లు కడుగుతోంది. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుని, కుర్చీ తేబోయింది. నేను నిలబడే చెప్పాను. తప్పు నాదమ్మా, ఉప్పు నేనే వేసుకున్నాను, నిన్ను అనరాని మాటలన్నాను. జాడీ ఎవరిదో చెప్పలేదు. అంత ధైర్యం లేకపోయింది. ఆ రోజు మా పాప ఇంట్లోనే ఉందండీ, అది విన్నదని బాధేసింది అంది ఆవిడ. నేను తలెత్తలేకపోయాను.

తల దించుకున్న నా కళ్లకు, అంట్ల నీళ్లు పారే సన్న కాలవ కనబడింది. కాలవ వెంబడే గోడ దాకా చూపు పోయింది. గోడ పక్క ఉత్త ఇసుకలో ఇనుప చువ్వ ఒకటి పాతి ఉంది. దాన్ని చుట్టుకుని ఛాతీ ఎత్తున ఒక తీగ. మూడేసి ఆకులు. తీగ వంగపండు రంగు.

వెళ్లి పట్టుకున్నాను. ఆకు తిప్పి చూశాను. వేలితో కణుపు తడిమాను. అదే రంగు, అదే నూగు. తొమ్మిది పొల్లు గింజలు. నేను పనికిరావని విసిరేసిన తొమ్మిదిటిలో ఒకటి.

"తొలకరి వానలప్పుడు దానంతటదే మొలిచిందండీ" అంది ఆవిడ నా వెనక నిలబడి. "గడ్డికి మందు కొట్టించినప్పుడు ఇది మీ వైపు నుంచి వచ్చిన మొక్కేమోననిపించి, మందు కొట్టేవాణ్ని దీని దరిదాపులకు రావద్దన్నాను. అందుకే వీధివైపే కొట్టించింది."

నేను గోడకు ఇవతల నిలబడి గొంతు చించుకుంటున్న రోజున, గోడకు అవతల రెండాకులతో ఇది ఉంది. ఆవిడ అప్పుడే దీన్ని చూపించి నా నోరు మూయించి ఉండవచ్చు. ఎందుకు చెప్పలేదని అడిగితే, మీరు చెప్పనిచ్చారా పిన్నిగారూ అంది. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది.

ఎరువు లేదు, చెరువు మన్ను లేదు, ఊక బూడిద లేదు. అంట్ల నీళ్లూ, ఒక చువ్వా. ఆ తర్వాత నేనూ రోజూ వెళ్లి దాని మొదట్లో మామిడాకు కప్పాను, దూరంగా గాడి తీసి చెరువు మన్ను కొద్దికొద్దిగా వేశాను, ఇద్దరం కలిసి పందిరి కట్టాం. కార్తీకంలో పూసింది. మొదటి కాయలు ఆవిడే కోసి వండి గిన్నెతో తెచ్చింది. గిన్నె మూత తీయగానే ముందు ఉలిక్కిపడ్డాను, గింజలు పోయాయని. తర్వాత తిన్నాను. నాలుగేళ్ల తర్వాత తిన్నాను. మా ఆయన నా కళ్లు చూసి కారం ఎక్కువైందా అన్నారు, అవునన్నాను.

మిగతా కాయల్ని తీగ మీదే ఎండనిచ్చాం. మాఘంలో ఇద్దరం ఆవిడ వరండాలో కూర్చుని ఒలిచాం. చాటెడు గింజలయ్యాయి. అమ్మ సీసా కడిగి, ఎండబెట్టి, వేపాకు వేసి తీసుకెళ్లాను. నేను చాట మధ్యలో వేలితో గీత గీసి, సగం ఆవిడ వైపు తోశాను.

ఆవిడ వద్దంది. తన వైపు గింజల్ని దోసిట్లోకి తీసి నా సీసాలో పోయబోయింది.

"మీ దగ్గరే ఉంచండి పిన్నిగారూ. మీరైతే జాగ్రత్తగా దాస్తారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఇసుమంత కూడా లేదు. ఆవిడకు జాడీ సంగతి తెలియదు, బీరువా సంగతి తెలియదు. ఆవిడ మంచితనంతో అంది, అది నాకు సూటిగా వచ్చి తగిలింది. సీసా మూత పెట్టేశాను. ఆవిడ దోసిలిని నా రెండు చేతులతో మూసి, ఆవిడ వైపుకే నెట్టాను.

"దాచకమ్మా" అన్నాను. "వేసుకో. నలుగురికీ పెట్టు. నాది పోతే నీ దగ్గరికొచ్చి అడుక్కుంటాను."